పై జల్లెడ

సోమవారం పొద్దున పది గంటలకు స్విచ్చి వేయగానే వడ్లు శుభ్రం చేసే మిషను చప్పుడు మారింది. మిర్యాలగూడ మిల్లుల్లో పదహారేళ్లుగా చెవులు అరగదీసుకున్న రూతమ్మకు ఆ మార్పు అందరికంటే ముందు తెలిసింది. తవుడు ఊడుస్తున్న చీపురు గోడకు ఆనించి, తలకు చుట్టిన తువ్వాలు బిగించుకుని, మిషను వెనక్కి పోయి చూసింది. గడ్డిపరకలూ మట్టిబెడ్డలూ పోవాల్సిన గొట్టంలోంచి పచ్చని వడ్లు జలజలా చెత్తకుప్ప మీద పడుతున్నాయి.

"మహేందరూ, బందు జెయ్. వడ్లన్నీ చెత్తల పోతున్నయ్."

మహేందర్ మిల్లు ఫిట్టరు. నిడమనూరు మనిషి, పనిలో చేరి నెల కాలేదు. ఆదివారం జల్లెడలు విప్పి కడిగి మళ్లీ బిగించింది అతనే. స్విచ్చి ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అన్నీ సక్కగనే ఉన్నయ్ గదా రూతక్కా."

"ఏం సక్కగ? ఏ జల్లెడ పైన పెట్టినవో సూస్కున్నవా?"

"రెండూ జల్లెడలే గదా."

"అవు, నువ్వూ మనిషివే, సేటూ మనిషే. పోయి ఆయన కుర్చీల కూసోరాదు."

బస్తాలు కుడుతున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మహేందర్ కూడా నవ్వి, పానా తీసి బోల్టులు విప్పాడు. ఇనప చట్రాలు రెండూ బయటికి వచ్చాయి. రూతమ్మ ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని అతనికి చూపించింది.

"ఇది పెద్ద కంతలది. పైన ఉండాలె. గింజ జారి కిందికి దిగుతది, బెడ్డ మాత్రం పైనాగుతది. ఇది సన్న కంతలది, కింద ఉండాలె. ఇసుక జారిపోతది, గింజ ఆగుతది. నువ్వు సన్నదాన్ని పైకి ఎక్కిచ్చినవ్. ఇగ గింజకు కిందికి దిగ తొవ్వేది? ఏదొచ్చినా పై జల్లెడ మీదనే ఆగుతది. ఆడ్నుంచి అటే పోతది, చెత్తలకు."

జల్లెడలు కిందిది పైకి, పైది కిందికి మార్చి బిగించడానికి అరగంట పట్టింది. చెత్తలో పడిన వడ్లను ఎత్తి చేటలతో చెరిగి బస్తాకు ఎక్కించడానికి నలుగురు ఆడవాళ్లకు మధ్యాహ్నం దాకా సరిపోయింది.

అన్నాలు తిన్న తర్వాత రూతమ్మ కాంటా గది ఊడవడానికి పోయింది. లారీలు తూకం వేసే కాంటా పక్కన చిన్న ఏసీ గది అది. మిల్లు యజమాని రామచంద్రయ్య కొడుకు వంశీధర్ కంప్యూటరు ముందు కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి, హైదరాబాదులో ఉన్న కూతురు ఉషశ్రీతో మాట్లాడుతున్నాడు.

"డాడీ, ఆర్డర్ మార్చకు. కోచింగ్ సార్ చెప్పినట్టే పెట్టు," అంటోంది ఫోనులో అమ్మాయి. "దొరకదేమో అనుకునేది అన్నిటికంటే పైన. ఖాయంగా దొరికేది ఆఖర్న."

"అదేంది బిడ్డా, దొరికేది ముందు పెట్టుకోవద్దా?"

"పెట్టొద్దు. వాళ్లు పైనుంచి చూసుకుంట వస్తరు. మన ర్యాంకుకి ఎక్కడ సీటుంటే అక్కడ ఆగిపోతరు. దానికింద ఏముందో ఇగ చూడనే చూడరు. ఖతం."

రూతమ్మ చీపురు ఆగిపోయింది. కుర్చీ కింద చెయ్యి పెట్టి వంగిన మనిషి వంగినట్టే ఉండి, ఫోను పెట్టేదాకా విన్నది. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడింది.

"చిన్న సేటూ, గిది పీజీ సీట్లకేనా?"

"అవును రూతమ్మా. నీ బిడ్డ గూడ రాసింది గదా ఎంట్రన్సు. కెమిస్ట్రీకి కదా? ఆప్షన్లు ఇచ్చిన్రా?"

"కోదాడ కాలేజీ సారు ఇచ్చిండు. ఆయననే మొదట్నుంచి అన్నీ నింపిండు."

"ముందు ఏది పెట్టిండు?"

"వాళ్లదే ముందు. సీటు పక్కా అన్నడు. దానెనక హైదరాబాదు. అది గూడ వస్తే అప్పుడు అటే పోవచ్చన్నడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అమ్మా, అన్నడు."

వంశీధర్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అట్ల కాదు రూతమ్మా. కోదాడ సీటు ఖాయమన్నప్పుడు అక్కడనే ఆగిపోతది. ఎనక హైదరాబాదున్నా ఒక్కటే, అమెరికా ఉన్నా ఒక్కటే. ఎట్ల చెప్పాలె నీకు..."

చెప్పనక్కర లేకపోయింది. ఆమె కిటికీ అద్దంలోంచి షెడ్డులోకి చూస్తోంది. మిషను మళ్లీ తన పాత చప్పుడుతో ఆడుతోంది.

"సన్న జల్లెడ పైన పెట్టిన్రు," అన్నది.

వంశీధర్‌కు అర్థం కాలేదు. "మార్చుకోవచ్చులే. బుధవారం సాయంత్రం ఐదు దాక టైముంది," అన్నాడు.

*

పాపయ్య వాడపల్లిలో సిమెంటు బస్తాలు లారీలకెత్తే పని నుంచి వచ్చి, పెరట్లో బండ మీద కూర్చుని వొళ్లు రుద్దుకుంటున్నాడు. ఎంత రుద్దినా మెడ మడతల్లో బూడిదరంగు పోదు. రూతమ్మ అతని వీపు మీద నీళ్లు పోస్తూ సంగతంతా చెప్పింది.

"గా సారు మోసగాడే అనుకో," అన్నాడు పాపయ్య. "సీటైతే ఉన్నది గదా. కోదాడ ఎంత దూరం? ఆదివారం ఆదివారం ప్రార్థనకు ఇంటికొస్తది. ఉన్నదాన్ని కదిలిచ్చి, రేపు ఏదీ రాకపోతే? ఒక్క ఏడు ఇంట్ల కూసున్నదంటే ఆడపిల్ల చదువు అయిపోయినట్టే. మీ అక్క బిడ్డ సంగతి యాదికి లేదా?"

"ఉన్నది."

"మరి?"

"దాని ర్యాంకు నాలుగొందల పన్నెండు. గంతమందిల నాలుగొందల పన్నెండు. చిన్న సేటు బిడ్డది పదమూడొందలు. ఆ పిల్లది పై నుంచి జారుకుంట ఏదో ఒక మంచి కాలేజీల పడ్తది. మనది మొదటి మెట్టు మీదనే ఆగుతది. గిది న్యాయమేనా?"

పాపయ్య ముఖం మీద నీళ్లు తుడుచుకున్నాడు. "సారు అడిగినప్పుడు నువ్వేమన్నవ్?"

చెంబు బకెట్టులో ముంచిన చెయ్యి ముంచినట్టే ఆగింది.

"చేతికందేది ముందు రాయి సారూ అన్న. నేనే అన్న. రేపు బిడ్డ కాడికి సూర్యాపేట పోత. అన్నది నేనే, మార్పిచ్చేది నేనే."

పాపయ్య తువ్వాలు అందుకున్నాడు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో, ఆమె ఆ గొంతుతో చెప్పిన మాటకు ఎదురు చెప్పి అతను బాగుపడింది లేదు.

*

కూతురు జ్యోత్స్న సూర్యాపేటలోనే డిగ్రీ చదివింది. పరీక్షలయ్యాక ఇద్దరు స్నేహితురాళ్లతో అక్కడే గది కిరాయికి తీసుకుని, ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతోంది. మంగళవారం మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకు రూతమ్మ బడి గేటు ముందు నిలబడి ఉంది. జ్యోత్స్న చేతులకు సుద్దపొడి దులుపుకుంటూ వచ్చి, తల్లిని చూసి గాభరా పడింది.

"నాయినకు బాగున్నదా?"

"ఆయనకేమైంది, బాగనే ఉన్నడు. నీ ఆప్షన్ల గురించొచ్చిన." రూతమ్మ ఆమెను గోడ నీడకు లాగింది. "కోదాడ ముందు పెడితే ఇగ ఏదీ రాదట గదనే. నీకు తెల్సా?"

జ్యోత్స్న చెప్పు కొనతో నేల మీద గులకరాయిని తోసింది.

"తెల్సు."

"తెల్సి ఎట్లూకున్నవే?"

"ఆ సారు ఫోన్ల, స్పీకర్ల అడుగుతుంటే నేను నీ పక్కనే ఉన్న గదమ్మా. చేతికందేది ముందు రాయమన్నవ్."

"నేను తెల్వక అన్న. నన్ను ఆపద్దా?"

"నువ్వు మాట్లాడుతుంటే ఎవరాపుతరు?"

అది ఎత్తిపొడుపు కాదు. ఎండ కొడుతోంది, బస్సు వస్తోంది అన్నట్టుగా అన్నది. అందుకే రూతమ్మకు ఎక్కువ తగిలింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"కోదాడ అంటే నీ ముఖం వెలిగింది," అన్నది జ్యోత్స్న. "బిడ్డ కండ్ల ముందట ఉంటదని. ఆ సంబురం సూసి నోరు రాలే."

"నా సంబురం సంగతి తర్వాత. పా, పోయి హైదరాబాదు ముందు పెడుదాం."

"హైదరాబాదే ముందని ఎవరన్నరు?"

రూతమ్మ కూతురివైపు తిరిగి చూసింది. "మరేంది?"

"సూడాలె. ఏ కాలేజీల ఏం చెప్తరు, ల్యాబు ఎట్లుంటది, హాస్టలు ఉన్నదా, అన్నీ నేను కూసొని సూడాలె. ఇప్పటిదాక నన్నెవరన్న సూడనిచ్చిన్రా? సారు నింపిండు, నువ్వు సరే అన్నవ్, నాయిన సంతకం పెట్టిండు."

బడి వాళ్లను పూట సెలవు అడిగి, ఇద్దరూ కొత్త బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు పోయారు. దాన్ని నడిపే ప్రమీల జ్యోత్స్నకు తెలిసినామె. నలభై ఏళ్లుంటాయి. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, వెనకాల గోడకు ఆధార్ రేట్ల పట్టిక. హాల్‌టికెట్టు నంబరు చూసి టకటకా కొట్టి, తెర మీదికి వంగింది.

"ఓటీపీ పంపినమంటుంది. చివర నలభై ఒకటి. నీదేనా?"

"కాదక్కా. కోదాడ సాయికుమార్ సారుది. ఎంట్రన్సుకు అప్లై చేసేటప్పుడు నా ఫోను రిపేరుల ఉండె. ఇబ్బంది లేదు, నా నంబరే ఎక్కిస్త అన్నడు."

ప్రమీల కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఈ నలభై ఒకటి ఈ వారంల నా కాడికి ఆరోసారి వచ్చుడు. ఎంతమంది ఫోన్లు రిపేరుల ఉండెనో ఆ నెల."

జ్యోత్స్న సాయికుమార్‌కు ఫోను చేసింది. మీటింగులో ఉన్నానని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ప్రమీల హెల్ప్‌లైను నంబరుకు చేసి, పాట విని విని, చివరికి ఎవరో పలికితే అడిగింది. నంబరు మార్చాలంటే ఆధార్ జతచేసి మెయిలు పెట్టాలన్నారు. మూడు పనిదినాలు పడుతుందన్నారు.

"రేపు ఐదుకు బందయితే మూడు దినాలేంది?" అన్నది రూతమ్మ.

"మెయిలు పెడ్త. దాన్ని నమ్ముకోకుండ్రి." ప్రమీల కీబోర్డు ముందుకు జరుపుకుంది. "కోదాడ గంట తొవ్వ. పొద్దుగాల్నే పోయి ఆయన ముందట కూసోండ్రి. ఓటీపీ ఆరంకెలు, ఆయన నోట్లోంచి రావాలె. అంతే పని."

జ్యోత్స్న ఆ సాయంత్రమంతా ప్రమీల దగ్గర రెండో కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక్కో కాలేజీ పేరు తెరిచి చదువుతూ, నోటుబుక్కులో రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ ఉంది. రూతమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని, అడిగితే అడ్డమవుతుందేమోనని అడగకుండా, అడగకుండా ఉండలేక, మూడుసార్లు "చాయ్ తాగుతవా" అని మాత్రం అడిగింది.

*

కోదాడలో ఆ కాలేజీ హైవే పక్కన, టైల్సు దుకాణం పై అంతస్తుల్లో ఉంది. మెట్ల పక్కన ఫ్లెక్సీ మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. అడ్మిషన్ల గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, మంచినీళ్ల క్యాను, అద్దం తలుపు వెనక సాయికుమార్. ముప్పై లోపే ఉంటాడు. నీలం టై కట్టుకున్నాడు. తల్లీకూతుళ్లను చూడగానే లేచి బయటికి వచ్చాడు.

"రండమ్మా, కూర్చోండి. ఏంటి ఇంత దూరం వచ్చారు? ఫోన్ చేస్తే సరిపోయేది కదా."

"చేసినం సారూ. మీరు మీటింగుల ఉన్నరు," అన్నది రూతమ్మ. "బిడ్డ ఆప్షన్లు జర మార్చుకుంటది. ఓటీపీ వస్తది, చెప్పుండ్రి."

అతని నవ్వు చెదరలేదు. "సైటు బాగా బిజీగా ఉందమ్మా. సాయంత్రం చూద్దాం. మీరు వెళ్లండి, నేనే మార్చి మెసేజ్ పెడతాను."

"సాయంత్రం దాక కూసుంటం."

"ఇక్కడెందుకు ఇబ్బంది..."

"మిల్లుల పొద్దుందాక నిలబడేదాన్ని. మీరు కుర్చీ ఏసిన్రు, ఇబ్బందేంది సారూ."

సాయికుమార్ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. జ్యోత్స్న ఒళ్లో నోటుబుక్కు పట్టుకుని దాని అట్ట అంచును గోటితో గీకుతోంది. రూతమ్మ సంచీలోంచి సద్ది తీసి, సగం సగం చేసి, బిడ్డకు పెట్టి తానూ తిన్నది. పదకొండున్నరకు మరో నలుగురు వచ్చారు. అందులో ఒకాయన రూతమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తెల్లచొక్కా, చేతిలో పాలిథిన్ కవరులో కూతురి మార్కుల కాగితాలు.

"ఏ ఊరు చెల్లెమ్మా?"

"మిర్యాలగూడ అన్నా. మీది?"

"మఠంపల్లి. నా పేరు సోమన్న. మా అమ్మాయికి ఇక్కడ సీటు ఖాయమన్నారు, ఒకసారి కాలేజీ చూసి పోదామని వచ్చా. మీదీ ఖాయమేనా?"

"ఖాయమే. అదే వద్దని వచ్చినం."

సోమన్న కవరు ఒళ్లో పెట్టుకుని ఆమెవైపు పూర్తిగా తిరిగాడు. "ఖాయమైన సీటు వద్దంటారా?"

రూతమ్మ ఎవరినీ తిట్టలేదు. కాలేజీ పేరు కూడా ఎత్తలేదు. రెండు చేతులూ ముందుకు చాపింది. పై చెయ్యి వేళ్లు వెడల్పుగా విప్పింది. కింది చెయ్యి వేళ్లు దగ్గరగా మూసింది.

"నేను మిల్లుల జేస్త అన్నా. ఇది పెద్ద కంతల జల్లెడ. అందరికీ దొరకని కాలేజీ అనుకో. దాంట్ల ఆగితే అదృష్టం. ఆగకపోతే మన గింజ జారి కిందికొస్తది. ఇదుగో, కింద సన్నది. అందరికీ దొరికేది. ఇక్కడ తప్పకుంట ఆగుతది. ఎటుజేసినా గింజ నేలపాలు కాదు."

"అవును."

ఆమె చేతులు మార్చింది. మూసిన వేళ్లు పైకి, విప్పిన వేళ్లు కిందికి.

"ఇప్పుడు సన్నది పైన పెట్టిన్రు. గింజ ఏం జేస్తది?"

సోమన్న ఆ చేతులవైపే చూస్తున్నాడు. వరి పండించే మనిషి. జవాబు చెప్పడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు గాని, చెప్పిన తర్వాత నోరు మూయడానికి పట్టింది.

"పైనే ఉండిపోద్ది. మరి కింద హైదరాబాదు రాశామన్నాడే..."

"రాసిండు. గింజ ఆడికి దిగితే గదా."

వెనక కుర్చీలో కూర్చున్న హుజూర్‌నగర్ ఆమె ముందుకు వంగింది. "ఏందమ్మా, మళ్లొకసారి చెప్పు." రూతమ్మ మళ్లీ చేతులు చాపింది. ఆమె తన పక్కనున్న అతనికి చూపించింది. అతను లేచి పోయి, మెట్ల దగ్గర సిగరెట్టు తాగుతున్న ఇంకో తండ్రిని పిలుచుకొచ్చాడు. ఒంటిగంట అయ్యేసరికి గదిలో అయిదుగురు పెద్దమనుషులు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, వేళ్లు విప్పుతూ మూస్తూ ఉన్నారు. జ్యోత్స్న నవ్వాపుకోలేక నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మొదట సోమన్న తలుపు తట్టాడు. "సారూ, మా అమ్మాయి లిస్టు ఒకసారి చూపిస్తారా?" అయిదు నిమిషాల్లో హుజూర్‌నగర్ ఆమె తట్టింది. మూడోసారి తలుపు తెరిచినప్పుడు సాయికుమార్ టై ముడి వదులైంది. రూతమ్మను చూపుతోనే లోపలికి పిలిచాడు. జ్యోత్స్న కూడా వెంట పోయింది.

"మీరు బయట ఏం చెబుతున్నారమ్మా?"

"అడిగిన్రు, చెప్పిన. జల్లెడ ఎట్ల పెడ్తరో చెప్పిన."

"మా కాలేజీకి ఏం తక్కువ? లెక్చరర్లు ఉన్నారు, బస్సుంది, ల్యాబు ఉంది."

"ఏం తక్కువ లేదు. మంచిదే అయితే కింద పెట్టినా పిల్లలొస్తరు గదా సారూ. పైన పెట్టమనుడెందుకు?"

అతను బల్ల మీద పెన్నును అటూ ఇటూ దొర్లించాడు. అద్దం తలుపు అవతల సోమన్న ముఖం కనిపిస్తోంది.

"నేనూ కెమిస్ట్రీ ఎమ్మెస్సీనే అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "రెండేళ్ల నుంచి ఇదే గదిలో కూర్చుంటున్నా. ఈసారి పద్దెనిమిది మందిని చేర్పిస్తే క్లాసులకు పంపుతామన్నారు. పాఠం చెప్పాలని నాకు ఉండదా? ఇప్పటికి పదకొండు మందయ్యారు."

"ఎమ్మెస్సీ ఏడ జేసినవ్ సారూ?"

"ఇక్కడే."

"నీ లిస్టుల ముందు ఏది పెట్టిన్రు?"

పెన్ను దొర్లడం ఆగింది.

రూతమ్మకు అతని మీద ఉన్న కోపం అంతా పోలేదు గాని, కొంత దారి మళ్లింది. అయినా గొంతు మార్చలేదు. మారిస్తే ఈ ఆరంకెలు రావని ఆమెకు తెలుసు.

"పదకొండుల నా బిడ్డ ఎన్నోది?"

"తొమ్మిది."

"పదకొండు కొట్టేసి పది అని రాస్కో."

గడియారం రెండుంబావు. బయట ఎవరో మళ్లీ తలుపు తట్టారు. సాయికుమార్ జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి, కంప్యూటరు ముందున్న తన కుర్చీని జ్యోత్స్న వైపు తిప్పాడు.

"కూర్చోమ్మా. ముందు నంబరు నీది పెట్టుకో."

జ్యోత్స్న కూర్చుంది. హాల్‌టికెట్టు నంబరు కొట్టింది. ఫోను కిర్రుమంది. అతను ఒక్కో అంకె విడిగా చదివాడు. "ఏడు... సున్నా... మూడు... మూడు... ఎనిమిది... ఒకటి." నంబరు మారింది. రెండోసారి అంకెలు జ్యోత్స్న సొంత ఫోనుకే వచ్చాయి. వాటిని ఆమె బయటికి చదవలేదు.

తెర మీద కాలేజీల పేర్లు వరుసగా వచ్చాయి. అన్నిటికంటే పైన కోదాడ. జ్యోత్స్న దాని పక్కన ఉన్న తీసివేత గుర్తు నొక్కి తీసేసింది. నోటుబుక్కు తెరిచి కీబోర్డు పక్కన పెట్టుకుంది. రూతమ్మ కుర్చీ వీపు పట్టుకుని ముందుకు వంగింది.

"ముందు హైదరాబాదు..." అని మొదలుపెట్టింది.

జ్యోత్స్న తల తిప్పి చూసింది. రూతమ్మ మిగిలిన మాట మింగింది. కుర్చీ మీది చెయ్యి తీసుకుంది.

"అమ్మా," అన్నది జ్యోత్స్న. "కోదాడ ఆఖర్న పెట్టాల్నా?"

"నన్నడుగుతున్నవా?"

"అడుగుతున్న."

పెట్టు అనే మాట రూతమ్మ నాలుక చివర ఉంది. పొద్దటి నుంచి అందరికీ చెప్పింది అదే కదా, గింజ నేలపాలు కాకుండా అన్నిటికంటే కింద సన్న జల్లెడ ఉండాలని. పెట్టు అంటే పాపయ్య నిశ్చింతగా ఉంటాడు. తనకూ కంటినిండా నిద్ర పడుతుంది. బిడ్డ కూడా పెడుతుంది. అడిగింది కాబట్టి తప్పకుండా పెడుతుంది.

"నీ లిస్టు," అన్నది రూతమ్మ. "నేను బయట కూసుంట."

తలుపు తనే మూసుకుని వచ్చింది. సోమన్న లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. ఆమె వద్దని క్యానులో నీళ్లు పట్టుకుని నిలబడే తాగింది. అద్దంలోంచి కూతురి వీపు, జడ, కదులుతున్న మోచెయ్యి కనిపిస్తున్నాయి. ఆమె అటు వీపు తిప్పుకుని నిలబడింది. సోమన్న రెండుసార్లు ఏదో అడిగాడు. ఆమె వినలేదు.

మూడూ ఇరవైకి జ్యోత్స్న బయటికి వచ్చింది. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. సోమన్న తన కవరు పట్టుకుని లోపలికి పోయాడు.

"అయింది," అన్నది జ్యోత్స్న.

"పోదాం పా," అన్నది రూతమ్మ.

*

వాళ్లెక్కింది హుజూర్‌నగర్ మీదుగా పోయే మిర్యాలగూడ బస్సు. కండక్టరు ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్లకు ఛార్జీ లేదు కనక, రెండు జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. తల్లి కిటికీ దగ్గర, కూతురు ఇవతల. ఊరు దాటి పొలాలు మొదలయ్యాక కూడా రూతమ్మ ఏమీ అడగలేదు. అడగకపోవడం బస్తా మొయ్యడం కంటే బరువుగా ఉంది. నాట్లు వేసే ఆడవాళ్లు, బురదలో దమ్ము చేస్తున్న ట్రాక్టర్ల ఇనప కేజివీల్సు, కాలువలో ఈత కొడుతున్న బర్రెలు, అన్నీ చూసింది. ఏదీ కంటికి ఆనలేదు.

హుజూర్‌నగర్ బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఆమె ఫోను మోగింది. పాపయ్య. వెనకాల లారీల హారన్లు వినిపిస్తున్నాయి.

"అయిందా పని?"

"అయింది."

"ఏమేం పెట్టిన్రు?"

"నాకు తెల్వదు."

"తెల్వకపోవుడేంది? పక్కన్నే ఉన్నవ్ గదా."

"దాని లిస్టు అది పెట్టుకున్నది. దాన్నే అడుగు." రూతమ్మ ఫోను కూతురి చేతిలో పెట్టింది.

జ్యోత్స్న ఫోను చెవికి ఆనించుకుంది. బస్సు కదిలింది. ఇంజను మోతలో పాపయ్య గట్టిగా మాట్లాడుతున్నాడు, ఆ మాటలు ఇవతలికి కూడా తెలుస్తున్నాయి.

"ముందు వరంగల్ పెట్టిన నాయినా," అన్నది జ్యోత్స్న. "హైదరాబాదు రెండు. కాదు, ఆలోచించే పెట్టిన. నాకు నచ్చిన సబ్జెక్టు వరంగల్లనే ఉన్నది. హాస్టలు క్యాంపసుల్నే. మూడు కోఠి ఆడపిల్లల కాలేజీ. తర్వాత ఇంకో హైదరాబాదుది. నల్గొండ ఐదు. ఐదే పెట్టిన."

అవతల ఏదో అడిగాడు.

"కోదాడ పెట్టలే."

ఫోనులో పాపయ్య గొంతు లేచింది. ఒక ఏడు పోతే ఎట్లంటవ్ అన్నది ఒక్కటే తెలిసింది, మిగతాదంతా మోత.

"పోతే మళ్ల రాస్త," అన్నది జ్యోత్స్న. "లేదు నాయినా, అమ్మ చెప్పలే. నేనే తీసేసిన. చెప్త, విను. నన్ను జర చెప్పనియ్."

పాపయ్య వినడం లేదు. రూతమ్మ చెయ్యి ఫోను కోసం దానంతటదే లేచింది. సగం దూరం పోయి ఆగింది. వెనక్కి మళ్లి కిటికీ ఊచను పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.